కలలు రాయమన్నవారు వాటిని చదవాలి కూడా

సంపాదకులకు నమస్కారం.

దారిన పోయేవారిని ఆపి, మీ కల ఏమిటో ఇక్కడ రాసి వెళ్లండి అని అడిగే ఒక గోడ ప్రారంభమైన వార్తను మీ పత్రిక ఈ మధ్య ఫొటోతో సహా ప్రచురించింది. ఆ ఫొటోలో అతిథులు వరుసగా నిలబడి ఉన్నారు. వారి వెనుక గోడ మీద ఏవో అక్షరాలు ఉన్నాయని తెలుస్తోంది గానీ ఒక్క వాక్యం కూడా చదవడానికి వీలుగా లేదు. గోడ పొడవెంతో, ఖర్చు ఎవరు భరించారో, తొలి వాక్యం ఎవరు రాశారో వార్తలో ఉంది. మిగిలిన జనం ఏం రాశారో మాత్రం లేదు. ఇది మీ పత్రిక ఒక్కదాని లోపమని అనడం నా ఉద్దేశం కాదు, ఎందుకంటే ఇలాంటి గోడలను ఏర్పాటు చేసేవారిలోనే చాలామంది ప్రారంభోత్సవంతో తమ పని పూర్తయిందనుకుంటున్నారు. ముక్కూ మొహం తెలియని మనిషిని పిలిచి నీ మనసులో ఉన్న కోరిక చెప్పమని అడిగినవారు, ఆ కోరికను చదవడానికీ, చదివాక దాన్ని ఏం చేయాలో నిర్ణయించడానికీ ముందే సిద్ధపడి ఉండాలన్నది నా అభిప్రాయం. ఆ సిద్ధపాటు లేని గోడ చూడడానికి ఎంత అందంగా ఉన్నా రాసినవారికి జరిగేది అమర్యాదే.

ఈ తరహా కళలో ఎక్కువమందికి తెలిసిన ఉదాహరణ అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరానిది. 2005లో కత్రినా తుపాను తెచ్చిన వరదలో ఆ నగరంలో అధిక భాగం మునిగిపోయింది. ఊరు విడిచి వెళ్లినవారిలో ఎందరో తిరిగి రాకపోవడంతో చాలా ఇళ్లు ఏళ్ల తరబడి పాడుబడి ఉండిపోయాయి. అలాంటి ఒక ఇంటికి దగ్గరలో నివసించిన క్యాండీ చాంగ్ అనే కళాకారిణి, తనకు తల్లితో సమానమైన ఒక స్త్రీని 2009లో హఠాత్తుగా పోగొట్టుకున్నారు. ఆ దుఃఖంలో మరణం గురించీ, మిగిలిన జీవితంలో ఏది ముఖ్యమన్న దాని గురించీ ఆమె చాలాకాలం ఆలోచించారు. 2011లో స్నేహితుల సాయంతో ఆ పాడుబడ్డ ఇంటి ఒక వైపు గోడకు నల్లబల్ల రంగు పూసి, ‘నేను చనిపోయేలోగా’ అని మొదలై ఖాళీ గీత దగ్గర ఆగిపోయే ఒకే వాక్యాన్ని స్టెన్సిల్‌తో (అక్షరాలు కత్తిరించిన అచ్చుతో) వరుసలు వరుసలుగా దించి, పక్కన సుద్దముక్కలు పెట్టారు. అంతకుముందే ఇంటి యజమాని నుంచి, ఆ వీధిలో ఉండేవారి నుంచి, నగర సంస్థల నుంచి అనుమతులు తీసుకున్నారు. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు గానీ, ఒక ప్రశ్న రాత్రింబవళ్లు ఎవరి గుమ్మాల ఎదుట నిలబడి ఉండబోతుందో వారిని ముందుగా అడగడం నా దృష్టిలో ఆ కళలో భాగమే.

మర్నాటికల్లా గోడ నిండిపోయింది. సముద్రపు దొంగ వేషం వేసుకున్న ఒక మనిషి, తన మీద ఓడదోపిడీ నేరం మోపి విచారణ జరిపించాలని రాశాడు. లక్షలాది మంది ముందు పాడాలని ఒకరు, ఒక చెట్టు నాటాలని మరొకరు రాశారు. ‘ఆమెను ఇంకొక్కసారి గుండెలకు హత్తుకోవాలి’ అని ఒకరు రాస్తే, ‘పూర్తిగా నేను నేనుగా ఉండాలి’ అని ఇంకొకరు రాశారు. చాంగ్ ఈ మాటలను చదివారు, ఫొటోలు తీశారు, తరువాత సభల్లో వాటిని ఒక్కొక్కటిగా గుర్తుచేసుకున్నారు. అందుకే ఆ గోడ రంగు, కొలతలు ఎవరికీ గుర్తులేకపోయినా ఈ వాక్యాలు గుర్తున్నాయి. ఆ తరువాత 70కి పైగా దేశాల్లో వేల సంఖ్యలో ఇలాంటి గోడలు వెలిశాయి. అన్ని గోడలు వచ్చినా, ప్రతిచోటా రాసినవాటిని అంతే శ్రద్ధగా చదివినవారు ఉన్నారని నమ్మకంగా చెప్పగలవారు తక్కువ.

ఆ మొదటి గోడ పనిచేసిన తీరును కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే తరువాత చేసినవారు ఎక్కువగా రంగునూ సుద్దనూ అనుకరించి, అసలు కిటుకును వదిలేశారు. ‘మీ కల ఏమిటి?’ అని సూటిగా అడిగితే మనిషి కొంచెం బిగుసుకుంటాడు. ఉద్యోగం కోసం ఇంటర్వ్యూలో కూర్చున్నట్టుగా, వినేవారు మెచ్చుకునే జవాబు కోసం వెతుక్కుంటాడు. సగంలో ఆగిన వాక్యానికి ఆ ఇబ్బంది లేదు. అది ముందే మొదలైపోయింది కాబట్టి చేయి దాని వెంట నడుస్తుంది. పైగా అందరి వాక్యమూ ఒకే మాటతో మొదలవుతుంది కనుక చదువుకున్నవారి రాతకూ అంతంతమాత్రం చదువు ఉన్నవారి రాతకూ మొదట్లోనే తేడా కనిపించదు. పేరు రాయమని ఎవరూ అడగరు. సుద్ద చెరిగిపోతుందన్న భరోసా ఒకటి ఉంటుంది. అన్నిటికీ మించి, రాయడానికి వచ్చిన మనిషి ముందుగా పై వరుసలోనూ పక్క వరుసలోనూ ఉన్నవి చదువుతాడు. తన కంటే ముందు ఒకరు ధైర్యం చేసి ఉన్నమాట రాశారని తెలిశాకే తానూ ఉన్నమాట రాస్తాడు. ప్రారంభోత్సవం నాడు అతిథులు నింపే మొదటి వరుస ఎందుకు అంత ముఖ్యమో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఆ వరుసలో నినాదాలూ శుభాకాంక్షలూ నిండితే, ఆ తరువాత వచ్చేవారు కూడా నినాదాలూ శుభాకాంక్షలే రాస్తారు. మీరు ప్రచురించిన ఫొటో చూసినప్పుడు నాకు కలిగిన మొదటి దిగులు అదే.

మనసులో మాట అడగడం ఎంత సున్నితమైన పనో తెలియజేసే మరో కళాఖండం ఇంతకంటే పాతది. బ్రిటన్‌కు చెందిన కళాకారిణి గిలియన్ వేరింగ్ 1992, 1993 సంవత్సరాల్లో లండన్ వీధుల్లో అపరిచితులను ఆపి, కాగితమూ కలమూ ఇచ్చి, ఆ క్షణంలో మీకు ఏం అనిపిస్తోందో రాయండి అని అడిగి, రాసిన కాగితాన్ని వారి చేతిలోనే పట్టించి ఫొటోలు తీశారు. అందులో అందరికీ గుర్తుండిపోయిన ఫొటోలో చక్కని సూటు వేసుకుని, పెదవుల మీద చిన్న చిరునవ్వుతో ఉన్న ఒక యువకుడు కనిపిస్తాడు; అతని చేతిలోని కాగితం మీద ‘నాకు దిక్కు తోచడం లేదు’ అన్న అర్థం వచ్చే మాట ఉంటుంది. ఫొటోలో లేని సంగతి ఒకటి వేరింగ్ తరువాత చెప్పారు. తాను రాసిన మాట చూసుకుని అతనే విస్తుపోయినట్టు కనిపించాడట, కొంచెం కోపం కూడా తెచ్చుకుని కాగితం తిరిగి ఇచ్చేసి గబగబా వెళ్లిపోయాడట. అడగకపోయి ఉంటే ఆ మాట అతని లోపలే ఉండిపోయేది. అడిగారు కాబట్టి బయటపడింది, బయటపడ్డాక అతనితో కాసేపు నిలబడి మాట్లాడేవారు ఎవరూ లేరు. నేను వేరింగ్‌ను తప్పుపట్టడం లేదు, ఆ పని విలువ చాలా పెద్దది. అయితే దారిన పోయేవారి చేతికి సుద్ద ఇచ్చే ప్రతి నిర్వాహకుడూ ఆ యువకుణ్ణి ఒకసారి తలచుకోవాలి.

ఇలాంటి ఒక గోడ దగ్గర వేర్వేరు రోజుల్లో చాలాసేపు గడిపాను కాబట్టి, అక్కడ జరిగేది కొంత స్వయంగా చూసి రాస్తున్నాను. సుద్దముక్కలను దారాలకు కట్టి వేలాడదీశారు. దారాలు పొట్టిగా ఉండడంతో ఒక వరుస నుంచి ఇంకో వరుసకు సుద్ద అందక, జనం ఒకరికొకరు అందించుకుంటూ ఆ వంకతోనే మాటలు కలిపేవారు. ఎవరూ అనుకుని చేయని ఆ పొరపాటు వల్ల గోడకు మేలే జరిగింది. కింది రెండు వరుసలూ పిల్లలవి. వాటిలో అక్షరాలు గీత దాటి పక్కవారి కలలోకి వెళ్లిపోయేవి. మధ్య వయసు మనిషి ఒకరు చాలాసేపు నిలబడి, ఒక వాక్యం రాసి, వెనక్కి జరిగి చదువుకుని, అరచేత్తో తుడిచేసి, తుడిచిన తెల్లటి మరక మీదనే ఇంకొక వాక్యం రాశారు. మొదటిది ఏమిటో నాకు తెలియదు. రెండోది మాత్రం పిల్లల చదువు గురించి అందరూ రాసేలాంటిదే. ఇంకో రోజు ఒక పెద్దావిడ గోడ ముందు నిలబడి, పక్కనే ఉన్న కాలేజీ అమ్మాయితో, “నాకు రాయడం రాదమ్మా, నేను చెబుతాను, నువ్వు రాస్తావా?” అని అడిగింది. ఆ అమ్మాయి రాసింది. రాసిన తరువాత పెద్దావిడ, “ఏం రాశావో ఒకసారి చదువమ్మా” అంది. చదివి వినిపించాక, ఒక మాట మార్పించి, తృప్తిగా వెళ్లిపోయింది. అక్కడ నిర్వాహకుల తరఫున ఒక్క మనిషి కూడా లేరు. రాయడం రానివారు కూడా వస్తారన్న ఆలోచన ఎవరికీ వచ్చినట్టు లేదు. గోడ పక్కన ఒక కుర్చీ వేసి, చెప్పింది విని రాసిపెట్టే మనిషిని రోజుకు కొన్ని గంటలు కూర్చోబెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఆ కుర్చీ లేకపోతే, అందరి కలలూ అని చెప్పుకునే గోడ రాయడం వచ్చినవారి గోడగా మాత్రమే మిగిలిపోతుంది.

కొన్నాళ్ల తరువాత వెళ్లి చూస్తే వాన కొట్టిన చోట అక్షరాలు కారిపోయి ఉన్నాయి, మిగిలిన చోట ట్యూషన్ల ప్రకటనలు అంటించి ఉన్నాయి. వాన గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు, సుద్దతో రాయడమంటే చెరిగిపోవడానికి ఒప్పుకోవడమే. నన్ను బాధపెట్టింది వేరు. అంతకుముందు ఆ గోడ మీద ఒక మూల చిన్న అక్షరాలతో ‘నన్ను ఒక్కరైనా పేరు పెట్టి పిలవాలి’ అన్న వాక్యం చూశాను. దాన్ని రాసిన మనిషి ఎంత ఒంటరితనంలో ఉండి ఉంటారో ఆలోచించండి. ఆ వాక్యం కింద ఇంకెవరో వేరే చేతిరాతతో ‘నేను పిలుస్తాను, మళ్లీ వస్తే పేరు రాయండి’ అని రాశారు. పేరు చేరిందో లేదో తెలిసేలోపే ఆ మూల మీద ప్రకటన పడింది. గోడను రోజూ చూసుకునే మనిషి ఒకరుంటే ఆ రెండు వాక్యాలూ అలా మాసిపోయేవి కావు.

రాసినవారి మాటను ఎలా గౌరవించవచ్చో తెలియక కాదు, దానికి మంచి ఉదాహరణలు ఉన్నాయి. తైవాన్‌లో పుట్టిన కళాకారుడు లీ మింగ్‌వెయ్, తన అమ్మమ్మ చనిపోయిన తరువాత ఆమెకు చెప్పలేకపోయిన మాటలను ఏడాదిన్నర పాటు ఉత్తరాలుగా రాసుకున్నారు. ఆ అనుభవంలోంచే 1998లో ఉత్తరాల కళారూపం ఒకటి తయారుచేశారు. కర్రతోనూ మసక గాజుతోనూ కట్టిన మూడు చిన్న గదుల్లో, ఒకచోట నిలబడి, ఒకచోట కూర్చుని, ఒకచోట మోకాళ్ల మీద ఉండి, బతికి ఉన్నవారికో చనిపోయినవారికో ఉత్తరం రాసుకోవచ్చు. కవరు అంటించి చిరునామా రాస్తే నిర్వాహకులే పోస్టు చేస్తారు. అంటించకుండా గోడకున్న అరలో పెడితే తరువాత వచ్చినవారు చదువుకోవచ్చు. తన మాట ఎవరికి చేరాలన్న నిర్ణయం పూర్తిగా రాసిన మనిషిదే. ఇంత స్పష్టమైన ఏర్పాటు ఉన్నప్పుడు మనిషి ఎంత లోతైన మాటైనా నమ్మకంగా రాయగలడు.

జపాన్‌లో పుట్టిన కళాకారిణి యోకో ఓనో దారి దీనికి భిన్నమైనది. 1996 నుంచి ఆమె ఎన్నో దేశాల్లో చెట్లకు కోరికల చీటీలు కట్టిస్తూ వచ్చారు. ఆ చీటీలను తాను చదవనని చెబుతూనే, వాటిని పోగుచేయించి, ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్ దగ్గర విడేయ్ ద్వీపంలో 2007లో వెలిగించిన కాంతి స్తంభం దగ్గరికి చేర్చే ఏర్పాటు చేశారు. అలా చేరిన చీటీలు పది లక్షలు దాటాయి. చదవకపోయినా దాచిపెడతామన్న మాట నిలబెట్టుకోవడం కూడా ఒక మర్యాదే. కానీ నడిచే దారిలో, అందరి కళ్లెదుట ఉన్న గోడ మీద రాసిన మాట ఎవరో ఒకరు చదవాలనే రాస్తారు కాబట్టి, గోడల విషయంలో మాత్రం చదవడానికే నా ఓటు.

న్యూయార్క్‌లో 2016లో మాథ్యూ చావెజ్ అనే కళాకారుడు చేసిన పని నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపిస్తుంది. ఆయన మొదట సబ్‌వే (భూగర్భ రైలు) స్టేషన్ మార్గంలో ఒక బల్ల, కుర్చీలు వేసుకుని కూర్చుని, వచ్చినవారు చెప్పేది వింటూ ఉండేవారు. ఆ ఏడాది నవంబరులో అధ్యక్ష ఎన్నికల మర్నాడు రంగురంగుల స్టికీ నోట్లు (వెనుక జిగురు ఉండే చిన్న కాగితాలు), కలాలు తెచ్చి, మనసులో ఉన్నది రాసి గోడకు అంటించమన్నారు. కొద్ది రోజుల్లోనే యూనియన్ స్క్వేర్ స్టేషన్ గోడలు భయాలతో, ఓదార్పులతో, ఆశలతో నిండిపోయాయి. డిసెంబరులో వాటిని తీసివేయాల్సి వచ్చినప్పుడు చెత్తలో వేయలేదు. వాలంటీర్లు ఒక్కొక్కటిగా విప్పి తీశారు, వాటిలో కొన్ని వేల నోట్లను న్యూయార్క్ చరిత్ర సంస్థ భద్రపరిచింది. వినడంతో మొదలైన పని కాబట్టే దాచడంతో ముగిసిందని నా నమ్మకం.

కలలు అనగానే సొంత జీవితం గురించిన కోరికలే గుర్తుకువస్తాయి గానీ, జనం తాము బతికే చోటు గురించి కూడా కలలు కంటారు. క్యాండీ చాంగ్ ‘నేను చనిపోయేలోగా’ గోడకు ముందు, 2010లో, ‘ఇది ఒక ... అయితే బాగుండును’ అన్న స్టికర్లు ముద్రించి, ఖాళీగా పడి ఉన్న భవనాల మీద అంటించమని జనానికి ఇచ్చారు. అక్కడ ఏం ఉండాలో వీధిలోని వారే రాశారు. నేను చూసిన గోడ మీద కూడా ‘మా సందులో దీపం వెలగాలి’, ‘బస్సు మా మలుపు దగ్గర ఆగాలి’ లాంటి వాక్యాలు కనిపించాయి. వాటిని కళగా మెచ్చుకుని ఊరుకోవడం తప్పు, అవి అర్జీలు. ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడే అవసరం లేకుండా జనం పెట్టుకున్న అర్జీలు. వాటిని రాసుకుని సంబంధిత అధికారులకు అందజేసే బాధ్యత గోడ కట్టినవారిదే.

ఈ గోడల మీద బూతులూ వెకిలి రాతలూ తప్ప ఏముంటాయని కొందరు కొట్టిపారేస్తారు. అవీ ఉంటాయి, వాటిని తుడిచే మనిషిని పెట్టుకోవాలి. నాకు అంతకంటే ఎక్కువ భయం స్పాన్సర్ల గురించే. కల రాయాలంటే ముందు ఫోన్ నంబరు ఇవ్వాలనే టచ్ స్క్రీన్లు, కల పక్కనే కంపెనీ గుర్తు పడేలా ఫొటో దిగమనే ఏర్పాట్లు ఇప్పుడు మామూలైపోతున్నాయి. తన పద్ధతిని ఒక కార్ల కంపెనీ ప్రకటన కోసం వాడుకుందని గిలియన్ వేరింగ్ అభ్యంతరం చెప్పిన నాటి నుంచీ ఈ సమస్య ఉన్నదే. పేరు అడగకపోవడం వల్లనే మనిషి మనసు విప్పుతాడు. అక్కడ నంబరు అడిగారంటే కల మీద ఆసక్తి లేదని, కొనుగోలుదారుడి మీదే ఆసక్తి ఉందని అర్థం. అలాంటివాటిని కళ అని పిలిచి వార్త రాయవద్దని పత్రికలను కోరుతున్నాను. స్పాన్సరు పేరు గోడ వెనుక చిన్న పలక మీద ఉంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు, రాసే గీతల మధ్య మాత్రం ఉండకూడదు.

ఇక మీ పత్రికను అడగదలచుకున్నది. ఇలాంటి గోడ ప్రారంభమైన రోజున ఫొటో వేయండి, వద్దనను. కానీ నెల గడిచాక ఒక విలేకరిని మళ్లీ పంపండి. అక్కడ ఒక పూట నిలబడి, గోడను పై వరుస నుంచి కింది వరుస దాకా చదివి, ఒక పాతిక వాక్యాలను ఉన్నవి ఉన్నట్టుగా, రాతలోని తప్పులు దిద్దకుండా ప్రచురించమనండి. రాస్తున్న మనిషి ముఖమూ అతను రాసిన వాక్యమూ ఒకే ఫొటోలో పడకుండా చూడండి. ముఖం వేయాలనుకుంటే ఆ మనిషిని అడిగి వేయండి. గోడను రోజూ ఎవరు చూసుకుంటున్నారు, రాయడం రానివారికి ఎవరు రాసిపెడుతున్నారు, బాధలో ఉన్న మనిషి రాసిన మాట కనిపిస్తే ఏం చేస్తారు, చెరిపే ముందు ఎక్కడ దాస్తారు అని నిర్వాహకులను అడిగి, వారు చెప్పిన జవాబులను కూడా ప్రచురించండి. జవాబు చెప్పాల్సి ఉంటుందని తెలిస్తే చాలామంది గోడ కట్టకముందే వీటి గురించి ఆలోచిస్తారు.

మీరు ఫొటో వేసిన గోడ ఈ ఉత్తరం రాసే నాటికి ఇంకా నిలిచే ఉంది, సగానికి పైగా నిండింది. అతిథులు రాసిన మొదటి వరుసను దాటి కింది వరుసల్లోకి వెళ్లి చదవమని మీ విలేకరికి చెప్పండి.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు